తరుగు

మిర్చి యార్డుల దగ్గు ఎవరిదో ఎవ్వరికీ తెల్వదు.
గందుకే ఆ ఏడాది నా దగ్గు
బస్తాల నడుమ ఎవ్వరి కంట వడకుంట తిరిగింది.
తొడిమెలు తీసే ఆడోళ్ళందరూ
కొంగు అడ్డం పెట్టుకొని దగ్గేటోళ్ళే.
కాకుంటే నాది నాతోటి ఇంటికి సుత వచ్చింది,
రాత్రి నా పక్కల పండుకుంది.

ఎంజీఎం మెట్లు ఎక్కుతాంటే
ఓదెలు నాకు ముందు నడిచిండు.
ఎనుమాముల హమాలీ.
మిర్చి బస్తాను దూదిమూట లెక్క ఎత్తెటోడు
ఆ పొద్దు ఉత్త చేతులతోటే వంగి నడిచిండు.
ఇద్దరి కాయితాలు ఒక్కదినమే వచ్చినయి.
ఆయనవి డెబ్బై రెండు. నావి నూట నాలుగు.
నెత్తుటి చుక్కల ఉండే కావలోళ్ళట.
ఐదారు వందల మంది ఉండాల్సిన కాడ
గింతమందే మిగిలిండ్రట.

ఎవరి నుంచి ఎవరికని నేను అడగలె.
మూడు నెలలు బువ్వ పళ్ళెం మాత్రం
చప్పుడయ్యేటట్టు పెట్టిన.

గోలీ యాళ్ళ మరువొద్దని
కౌన్సిలరు షాహీన్ మేడం ఫోన్ల కోడికూత పెట్టిచ్చింది.
రాత్రి తొమ్మిదికి కోడి కూసే ఇల్లు
మా వాడల మాదొక్కటే.

మూడో వారం మెడకింద గడ్డ లేచింది.
ఒళ్ళు పెనం.
మందు పడతలేదు, బంద్ పెడత అన్న.
డాక్టరు నవ్వలె, కోపం జెయ్యలె.
"కావలోడు లేనన్ని దినాలు
దొంగ నీ ఇంట్లనే తిని పండిండమ్మా.
ఇప్పుడు కావలోడొచ్చి లొల్లి పెడుతుండు.
గా లొల్లే నీ జ్వరం."
దొంగ పేరు టీబీ.
దాని మందు వేరే. ఆర్నెల్లు ఉచ్చ సుత
కారం కలిపిన నీళ్ళ లెక్క ఎర్రగ.
గన్ని దినాలూ కోడి నాకోసం
పొద్దుగాల ఇంకోపారి కూసింది.

నోట్ల తెల్లపూత పోయిన పొద్దు
టమాట తొక్కు ఏసుకొని తిన్న.
ఏండ్ల సంది మిరపకాయలల్ల బతుకుతున్నదాన్ని,
కారం కారంగ తలగక ఎన్నాళ్ళయ్యిందో.
ముక్కు కారింది. కండ్లు కారినయి.
ఓదెలు నీళ్ళ చెంబు తెచ్చి
ఏమయ్యిందే అన్నడు.
బాగైందయ్యా అన్న.

నూట నాలుగు. రెండు వందల ముప్పై.
మూడు వందల ఎనభై ఎనిమిది.
రెండేండ్లకు ఆరు వందల పదకొండు.
ఆయనవి డెబ్బై రెండు, నూట నలభై,
నూట ఎనభై ఒకటి,
మల్ల నూట డెబ్బై ఎనిమిది.
ఇద్దరి నెత్తుట్లనూ పురుగు కనవడతలేదు.
ఒక్కటే గోలీ, ఒక్కటే కోడి.
"కొందరికి పురుగు అణిగినా కావలోళ్ళు జల్దిన రారు.
మందు ఆలస్యంగ మొదలైనోళ్ళకు ఎక్కువ.
మానకుంట ఏసుకోమను. వేరే గోలీ సుత ఆపొద్దు."
అన్యాయమని అనేటందుకు
నాకు నోరు రాలె.
పెరిగింది నాదాయె.

గేటు బయట చాయ్ డబ్బా కాడ నిలవడ్డడు.
చదువు రాదు, కాయితాలు నా చేతులనే ఉంటయి.
నీదెంత అన్నడు.

తేమ ఉన్నది, తాలు ఉన్నదని
రైతు నోరు తెరిచేలోపే
తరుగు తీసి రాసుకునే అడ్తిదారును
ఎన్ని సీజన్లు చూడలె నేను?
నా లెక్కల నేనే కోసిన.
రెండు వందల పది, అన్న.
"అయితే దగ్గర దగ్గరనే ఉన్నం" అన్నడు.
నా చేతుల కాయితం తీస్కొని, చూసి,
మడత పెట్టి అంగీ జేబుల ఏసుకున్నడు.
చాయ్‌కి పైసలు ఆయనే ఇచ్చిండు.

బస్సుల కిటికీ దిక్కు నన్ను కూసోవెట్టిండు.
నేను ఊపిరి పీల్చుకున్న.

అక్షరాలు రాకపోతే ఏంది,
ఇరవై ఏండ్ల సంది
బస్తాల మీద రంగుతోటి రాసిన అంకెలు
దూరంకెళ్ళే చదివే మనిషాయె.
గా సంగతే నేను మరిచిన.

తొమ్మిదయ్యింది. కోడి కూసింది.
ఆయనది మింగి, నాది అరచేతుల పెట్టి,
గిలాస నా దిక్కు జరిపిండు.

"ఇగో, ఆరు వందల పదకొండూ,
నీళ్ళు తాగు."